ఇల్లు కూల్చే ముందు బీమా, పర్మిషన్: నా అనుభవం

నాన్న కట్టించిన పాత ఇల్లు పడగొట్టి అదే స్థలంలో కొత్తది కట్టుకుందామని అన్నయ్యా నేనూ అనుకున్నాక, తెలిసినవాళ్లంతా అడిగిన మాట ఒక్కటే: "కూల్చడానికి ఎంతకి మాట్లాడారు?" మా పిన్ని కొడుకు మాత్రం వేరే ప్రశ్న వేశాడు. వాడు బీమా కంపెనీలో క్లెయిమ్‌లు చూస్తాడు. "అక్కా, పక్కింటి గోడ కూలితే డబ్బు ఎవరు కట్టాలి? కూలీకి దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు ఎవరిది? ఈ రెండింటికీ కాగితం మీద జవాబు దొరికాక రేటు మాట్లాడండి" అన్నాడు. పని మొత్తం అయిపోయాక వెనక్కి తిరిగి చూస్తే, మాకు అంతకన్నా పనికొచ్చిన సలహా ఇంకోటి లేదు.

మాది రెండంతస్తుల ఇల్లు. ఒక పక్క గోడ పక్కింటివాళ్లకీ మాకూ ఉమ్మడి. మేడ మీద సిమెంటు రేకుల షెడ్డు. ఇంటి ముందు మట్టిలో ఏ పైపు ఎక్కడ పోతోందో నాన్నకి తప్ప ఎవరికీ తెలియదు. కాంట్రాక్టర్లు వచ్చి చూసి, ఇనుము, తలుపులు, కిటికీలు తమకే వదిలేస్తే ఇంత తగ్గిస్తామని రేట్లు చెప్పారు. బీమా సంగతి అడిగితే అందరూ "ఉంది మేడమ్" అనే అన్నారు. ఒకాయన వెంటనే వాట్సాప్‌లో ఫొటో కూడా పంపారు. తెరిచి చూస్తే అది జేసీబీ బండికి రోడ్డు మీద తిరగడానికి తీసుకున్న వాహన బీమా. అది బండికి పనికొస్తుందేమో గానీ, ఆ బండి గోడ పడగొడుతుండగా పక్కింటి మీద ఇటుకలు పడితే మాకు దిక్కు అవుతుందని అనుకోవడానికి లేదు. ఆయన దాచిపెట్టిందేమీ లేదు. ఆయన దృష్టిలో బీమా అంటే అదే. అందుకే "బీమా ఉందా" అని అడగడం మానేసి, "కూల్చివేత పనికి తీసుకున్న థర్డ్ పార్టీ లయబిలిటీ పాలసీ, కూలీల పాలసీ, రెండూ పూర్తి కాపీలు కావాలి" అని అడగడం మొదలుపెట్టాను. మొదటిది పని వల్ల పక్కవాళ్లకో దారిన పోయేవాళ్లకో జరిగే నష్టానికి కట్టే బీమా. అలా అడిగేసరికి కొందరు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఆ వడపోత కూడా మంచిదే అయింది.

ఇంకొకాయన బీమా కంపెనీ సర్టిఫికెట్ పంపారు. ఒక పేజీ, పైన కంపెనీ పేరు, కింద ముద్ర, మధ్యలో పెద్ద మొత్తం. చూడగానే నమ్మకం కలిగింది. తమ్ముడు దాన్ని జూమ్ చేసి కింద చిన్న అక్షరాలు చదివించాడు: ఇది సమాచారం కోసం మాత్రమే, దీన్ని బట్టి ఎవరికీ ఏ హక్కూ రాదు, అసలు షరతులు పాలసీలో ఉన్నట్టే వర్తిస్తాయి. అంటే సర్టిఫికెట్ ఇచ్చిన రోజున ఒక పాలసీ ఉందని మాత్రమే అది చెబుతుంది. మర్నాడు ప్రీమియం కట్టక రద్దయినా ఆ కాగితం అలాగే మెరుస్తూ ఉంటుంది. కాబట్టి అందులో ఉన్న ఏజెంటు నంబరుకి కాకుండా, బీమా కంపెనీ అధికారిక నంబరు వెతికి పట్టుకుని పాలసీ నంబరు చెప్పి అడిగాను. అమల్లోనే ఉంది. తర్వాత పూర్తి పాలసీ తెప్పించుకున్నాం.

అసలు విషయం అక్కడ బయటపడింది. "బీమా చేసిన వ్యాపారం" అనే గడిలో ఉన్నది ఇంటీరియర్ మార్పులు, రిపేర్లు. కూల్చివేత అన్న మాటే లేదు. ఇంటిలోపల టైల్స్ తీయడం, పార్టిషన్ గోడ కొట్టడం వరకు అది సరిపోవచ్చు. రెండంతస్తుల ఇల్లు నేలమట్టం చేయడం వేరే పని. దానికి ప్రీమియం వేరు, ప్రమాదం వేరు. ఆ గడిలో రాసిన పనికీ సైట్‌లో జరిగే పనికీ పొంతన లేకపోతే, క్లెయిమ్ వచ్చిన రోజున బీమా కంపెనీ చూపించే మొదటి లైను అదే అవుతుందని తమ్ముడు చెప్పాడు. ఆయనతో ఆ మాట చెప్పాను. "ఇన్నేళ్లుగా ఇదే పాలసీతో కూలుస్తున్నాం మేడమ్, ఎవరూ అడగలేదు" అన్నారు నొచ్చుకుంటూ. మనిషి మీద నాకు అనుమానం లేదు. కానీ ఆయనతో పని కుదరలేదు.

చివరికి కుదిరిన కాంట్రాక్టర్ పాలసీలో కూల్చివేత అని స్పష్టంగా ఉంది. అయినా మినహాయింపుల పేజీని నేనూ తమ్ముడూ కూర్చుని వేలు పెట్టి లైను లైను చదివాం. పాలసీలో అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ అదేనని నా గట్టి అభిప్రాయం. ఏం ఇస్తామో మొదటి పేజీలో పెద్దగా ఉంటుంది, ఏం ఇవ్వమో వెనకాల ఉంటుంది. కూల్చివేతకి సంబంధించి మేము వెతికినవి ఇవి: కట్టడం ఉన్నట్టుండి కూలిపోవడం వల్ల జరిగే నష్టం, పక్క కట్టడానికి ఆసరా తీసేయడం వల్ల లేదా అదురు వల్ల జరిగే నష్టం, భూమిలోని పైపులకూ కేబుళ్లకూ జరిగే నష్టం, ఆస్బెస్టాస్ లాంటి వాటి వల్ల జరిగే కాలుష్యం, ఎత్తు పరిమితి. మాకు దొరికిన పాలసీలో రెండోది మినహాయింపుల్లో ఉంది. ఉమ్మడి గోడ ఉన్న ఇంటికి అదే ప్రాణం. అదనపు ప్రీమియం కట్టి ఆ మినహాయింపు తీసేసినట్టు పాలసీకి జోడించే మార్పు పత్రం, అంటే ఎండార్స్‌మెంట్ తీసుకోవాలని కాంట్రాక్టర్‌ని అడిగాం. ఆ ఖర్చు మేమే భరిస్తామన్నాం. ఆయన ఒప్పుకున్నారు. ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇచ్చాం. అదే ఎండార్స్‌మెంట్‌లో స్థల యజమానులుగా మా ఇద్దరి పేర్లు కూడా చేర్పించాం. పక్కింటివాళ్లు నేరుగా మా మీద కేసు వేస్తే ఆ పాలసీ మమ్మల్ని కూడా కాపాడాలంటే మా పేర్లు అందులో ఉండాలి. సర్టిఫికెట్ మీద "ఎవరికి జారీ చేసినది" అన్న చోట మా పేరు ఉన్నంత మాత్రాన అది జరగదు.

బీమా మొత్తం ఎంత ఉండాలి అన్న దగ్గర అన్నయ్యకీ నాకూ చిన్న వాదన అయింది. కాంట్రాక్ట్ విలువకి కొన్ని రెట్లుంటే చాలదా అన్నాడు అన్నయ్య. నా లెక్క వేరు. కూల్చే ఖర్చుకీ జరగగల నష్టానికీ సంబంధం లేదు. పక్కిల్లు మళ్లీ కట్టాల్సి వస్తే ఎంతవుతుంది, దారిన పోయే మనిషికి ప్రాణం మీదకి వస్తే ఎంతవుతుంది అన్నదే కొలత. పైగా చాలా పాలసీల్లో రెండు హద్దులుంటాయి: ఒక్కో ప్రమాదానికి ఇంత, ఏడాది మొత్తానికి ఇంత. ఆ ఏడాది మొత్తం ఆ కాంట్రాక్టర్ చేసే అన్ని సైట్లకీ కలిపి. వేరేచోట పెద్ద క్లెయిమ్ అయిపోయుంటే మన వంతుకి మిగిలేది తక్కువ. ఆ ఏడు ఇంకా ఏమైనా క్లెయిమ్‌లు ఉన్నాయేమో రాతపూర్వకంగా తెప్పించుకున్నాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని లయబిలిటీ పాలసీలు, పాలసీ అమల్లో ఉండగా జరిగిన సంఘటనకి క్లెయిమ్ ఎప్పుడొచ్చినా చెల్లిస్తాయి. కొన్ని మాత్రం క్లెయిమ్ కూడా పాలసీ నడుస్తుండగానే రావాలంటాయి. గోడ పగుళ్లు కూల్చిన రోజే కనపడాలని లేదు. నేల కుదురుకున్నాక, వానలు పడ్డాక బయటపడొచ్చు. అందుకే మొదటి రకమే కావాలన్నాం.

కూలీల విషయం నాకు డబ్బు లెక్క కన్నా పెద్దది. స్లాబ్ మీద నిలబడి సుత్తితో అదే స్లాబ్‌ని కొట్టే మనుషులు వాళ్లు. థర్డ్ పార్టీ పాలసీ కాంట్రాక్టర్ సొంత కూలీలకి వర్తించదు. వాళ్లకి విడిగా పాలసీ ఉండాలి. అది ఉన్నా, అందులో రాసిన తలల లెక్కా సైట్‌కి వచ్చే మనుషుల లెక్కా కలవాలి. మా కాంట్రాక్టర్ ఇనుము కోసే పని వేరే మేస్త్రీ ముఠాకి ఇచ్చారు. ఆ ముఠా ఈయన పాలసీలో లేదు. "వాళ్లది వాళ్లే చూసుకుంటారు మేడమ్" అన్నారు. వాళ్ల దగ్గర ఏమీ లేదని అడిగితే తెలిసింది. వాళ్ల పేర్లు కూడా చేర్చాకే గ్యాస్ కట్టర్ లోపలికి రావాలని పట్టుబట్టాం. కాంట్రాక్టర్ బీమా చేయించకపోతే దెబ్బ తగిలిన కూలీ పరిహారం కోసం స్థల యజమాని వైపు చూడటానికి కొన్ని చోట్ల చట్టాలు దారి ఇస్తాయి. ఆ మాట అటుంచినా, మా గడపలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి ఇంటికి ఉత్త చేతులతో వెళ్లడం అన్నది నేను ఊహించుకోలేను.

ఇదంతా జరుగుతుండగా మా సొంత ఇంటి పాలసీ మీద కూడా దృష్టి పెట్టాల్సి వచ్చింది. మనుషులు ఖాళీ చేసిన ఇంటికి 30 రోజుల తర్వాతో 60 రోజుల తర్వాతో కవరేజీ తగ్గించే లేదా ఆపేసే షరతు ఇంటి పాలసీల్లో మామూలే. మేము సామాను తరలించిన రోజుకీ కూల్చివేత మొదలయ్యే రోజుకీ మధ్య చాలా ఎడం ఉంది. ఖాళీ ఇంట్లోకి దొంగలు వచ్చి పంపులు ఊడబీకినా, ఎవరైనా పిల్లలు గోడెక్కి పడినా ఎవరిది? కంపెనీకి ముందే ఉత్తరం రాసి ఖాళీగా ఉన్న కాలానికి పొడిగింపు తీసుకున్నాం. ఇల్లు బ్యాంకు అప్పులో ఉన్నవాళ్లయితే బ్యాంకు అనుమతి కూడా ముందే తీసుకోవాలి. తాకట్టులో ఉన్నది ఆ కట్టడం కూడా కదా.

ఇక పర్మిషన్. కొత్త ఇంటి ప్లాన్ ఇచ్చేటప్పుడు కూల్చివేత పర్మిషన్ కూడా దానితోనే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. కొన్ని చోట్ల కలిపే ఇస్తారు, చాలా చోట్ల అది విడి దరఖాస్తు. మాది విడిగానే. యజమాని కాగితాలు, ఇంటి పన్ను బకాయి లేదన్న రసీదు, ఏ వరసలో కూలుస్తారో చూపే స్ట్రక్చరల్ ఇంజనీరు నివేదిక, కరెంటు, నీళ్లు, గ్యాస్, డ్రైనేజీ కనెక్షన్లు తీసేసినట్టు ధ్రువపత్రాలు, పక్కవాళ్లకి నోటీసు, శిథిలాలు ఎక్కడ పారబోస్తారన్న వివరం, కాంట్రాక్టర్ లైసెన్సు, బీమా కాపీ. మాకు ఆ బీమా కాపీ పని చేస్తుందని అప్పటికే తెలుసు కాబట్టి అక్కడ ఆగలేదు.

దరఖాస్తు ఎవరి పేరున అన్నది చిన్న విషయం కాదు. మొదట వచ్చినవాళ్లలో ఒకరు "మీ పేరున పెట్టేయండి మేడమ్, తొందరగా వస్తుంది" అన్నారు. యజమానిగా మా పేరు ఎలాగూ ఉంటుంది. కానీ పని చేసేవారు, సైట్ భద్రతకి బాధ్యులు అన్న చోట కూడా మా పేరే రాసుకుంటే, నిబంధన తప్పినందుకు వచ్చే నోటీసు, జరిమానా, పని ఆపేయమన్న ఉత్తర్వు అన్నీ మన ఇంటికే వస్తాయి. లైసెన్సు లేనివాళ్లే సాధారణంగా అలా అడుగుతారని తమ్ముడు హెచ్చరించాడు. మా దగ్గర కాంట్రాక్టర్ తన లైసెన్సు నంబరుతో సంతకం పెట్టారు, మేము అధికార పత్రం ఇచ్చాం. పర్మిషన్‌కీ బీమాకీ ముడి కూడా ఇక్కడే ఉంది. పర్మిషన్ లేకుండా చేసిన పనిలో ప్రమాదం జరిగితే, చట్టవిరుద్ధమైన పని అని బీమా కంపెనీ చేతులెత్తేసే వీలు దొరుకుతుంది. పర్మిషన్‌లో చేత్తో కూల్చడం అని రాయించి సైట్‌లోకి యంత్రం దింపినా అదే తంటా. మా ఇంజనీరు ఉమ్మడి గోడ నుంచి కొంత దూరం వరకు చేత్తో, మిగతాది యంత్రంతో అని విడగొట్టి రాశారు. పాలసీలో, పర్మిషన్‌లో, మా ఒప్పందంలో మూడింటిలోనూ అదే వాక్యం ఉండేలా చూసుకున్నాం.

కనెక్షన్ల దగ్గర జాగ్రత్త గురించి ఎంత చెప్పినా తక్కువే. ఖాతా మూసేయడం వేరు, లైను తీసేయడం వేరు. బిల్లు రావడం ఆగిపోయి, మీటరు ఊడదీసినా, స్తంభం నుంచి ఇంటి గోడ దాకా వచ్చే సర్వీసు వైరులో కరెంటు ఉండొచ్చు. మాకు మీటరు తీసేసినట్టు కాగితం వచ్చేసింది. అన్నయ్య అనుమానపడి లైన్‌మన్‌ని పిలిపిస్తే టెస్టర్ పెట్టగానే వెలిగింది. వైరుని స్తంభం దగ్గరే తెంపించాకే పని మొదలైంది. గ్యాస్ కూడా స్టవ్ దగ్గర వాల్వు కట్టేస్తే సరిపోదు, రోడ్డు దగ్గర పైపుకి మూత బిగించాలి. డ్రైనేజీ పైపు మూయకపోతే మట్టీ సిమెంటు ముక్కలూ అందులోకి జారి వీధి లైను పూడుకుపోతుంది. భూమిలో ఏముందో గుర్తు పెట్టించుకోవడానికి కొన్ని దేశాల్లో ఒకే ఫోన్ నంబరు ఉంది. అమెరికాలో 2007 నుంచి 811కి చేస్తే ఆయా సంస్థలవాళ్లు వచ్చి రంగులతో గీతలు గీసి వెళ్తారు. అలాంటి సదుపాయం లేని చోట ఒక్కో ఆఫీసుకీ విడిగా తిరగాల్సిందే. మేము అలాగే తిరిగాం.

మేడ మీది సిమెంటు రేకులు నన్ను బాగా కలవరపెట్టాయి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ నారలు ఉంటాయి. రేకు కదలకుండా ఉన్నప్పుడు ప్రమాదం తక్కువ, సుత్తితో పగలగొట్టినా రంపంతో కోసినా సన్నటి నారలు గాలిలోకి లేస్తాయి. వాటివల్ల ఊపిరితిత్తుల పొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో, యూరోపియన్ యూనియన్ 2005లో దీని వాడకాన్ని నిషేధించాయి. నిషేధం ఉన్నా లేకున్నా పాత ఇళ్లలో అది అలాగే ఉంది. మామూలు లయబిలిటీ పాలసీ దీన్ని కవర్ చేయదు. అందుకే రేకుల పనిని కూల్చివేత నుంచి విడదీసి, ముక్క పరీక్షకి పంపించి, ఆ పనికి అనుమతీ కాలుష్య బీమా ఉన్నవాళ్లకి అప్పగించాం. వాళ్లు రేకుల మీద నీళ్లు చల్లి తడిపి, బోల్టులు ఒక్కొక్కటి విప్పి, పగలకుండా దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి అంటించి తీసుకెళ్లారు. ఎక్కడ పారబోశారో రసీదు ఇచ్చారు. ఖర్చు ఎక్కువే అయింది. ఆ గాలి పీల్చేది కూలీలూ వీధిలో పిల్లలూ అని తెలిసి అక్కడ పొదుపు చేయాలనిపించలేదు.

పక్కింటి పెద్దాయనతో మాట్లాడటం నా వంతుకి వచ్చింది. ఉమ్మడి గోడ విషయంలో కొన్ని దేశాల్లో చట్టమే ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి చట్టం ప్రకారం ఉమ్మడి గోడ మీద పని అంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. చట్టం ఎలా ఉన్నా, నోటీసు చేతికొచ్చే ముందు మనిషి వెళ్లి చెప్పాలి. పాలసీ కాపీ, ఇంజనీరు నివేదిక చూపించి, పని మొదలయ్యే ముందు మీ ఇంటి గోడలన్నీ ఫొటోలు తీయిస్తాం బాబాయ్ గారూ, అది మీకూ మాకూ మంచిదే అన్నాను. "కానియ్యమ్మాయ్, పాత పగుళ్లు కూడా తియ్యండి, నాకు అబద్ధం వద్దు" అన్నారు. ఇంజనీరు ప్రతి పగులు పక్కనా స్కేలు పెట్టి, తేదీ కనిపించేలా ఫొటో తీశారు. రెండు పెద్ద పగుళ్ల మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అంటించారు. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. పెద్దాయన ప్రతి పేజీ మీదా సంతకం పెట్టారు, ఒక కాపీ ఆయన దగ్గర ఉంచుకున్నారు.

పని మొదలయ్యాక పైనుంచి కిందికి, కట్టిన వరసకి తిరగేసి విప్పుకుంటూ వచ్చారు. నీళ్లు చల్లుతూనే ఉన్నారు. రెండో అంతస్తు స్లాబ్ తీసేటప్పుడు ఒక బీమ్ ముక్క తాడు తప్పి పక్కింటి సన్‌షేడ్ మీద పడింది. సన్‌షేడ్ అంచు విరిగి, దాని కింద గోడకి కొత్త పగులు వచ్చింది. కింద అప్పుడు ఎవరూ లేరు. పని అక్కడికక్కడే ఆపేయించి, అదే రోజు బీమా కంపెనీకి కాంట్రాక్టర్ చేతా, మా చేతా విడివిడిగా ఉత్తరాలు వెళ్లాయి. ఆలస్యంగా చెప్పడం క్లెయిమ్ తిరస్కరించడానికి ఒక కారణం అవుతుంది కాబట్టి ఎవరి తప్పో తేల్చుకునేదాకా ఆగలేదు. నష్టం అంచనా వేయడానికి బీమా సర్వేయర్ వచ్చారు. వంటగది గోడ మీద ఇంకో పగులు కూడా చూపించి అది కూడా ఇప్పటిదేనా అని అడిగారు. ముందటి ఫొటోల ఫైలు తీసి చూపించాం. అదే పగులు, పక్కన స్కేలు, పాత తేదీ, పెద్దాయన సంతకం. గాజు ముక్క చెక్కుచెదరలేదు. "అది పాతదేనండీ, నేనే చెప్పాను" అన్నారు పెద్దాయన. సన్‌షేడ్, కింద గోడ మాత్రమే క్లెయిమ్‌లోకి వెళ్లాయి. ఆ ఫొటోలు లేకుంటే ఆ పగులు దగ్గరే ఇరుగుపొరుగు సంబంధం తెగిపోయేదని నాకు అనిపిస్తుంది.

క్లెయిమ్‌లో మొదటి కొంత మొత్తం బీమా చేసినవారే భరించాలని పాలసీలో ఉంటుంది. కాంట్రాక్టర్ దాన్ని సగం సగం అన్నారు. అది కాంట్రాక్టరే భరించాలని మా ఒప్పందంలో ముందే రాసుకున్నాం, ఆ పేజీ చూపించాక ఆయన కట్టారు. ఒప్పందంలో ఈ ఒక్క లైను మర్చిపోయేవాళ్లు ఎక్కువ, కాబట్టి చెబుతున్నాను.

ఒప్పందంలో చివరి విడత డబ్బు దేనికి ముడిపెట్టామో కూడా చెప్పాలి. స్థలం చదును అయిన రోజుకి కాదు. శిథిలాల లారీలు అనుమతి ఉన్న చోటే దించాయన్న రసీదులు, పాత సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసి గట్టి మట్టితో పూడ్చారన్న ఇంజనీరు మాట, అధికారి వచ్చి చూసి పర్మిషన్ ఫైలు మూసినట్టు ఇచ్చిన పత్రం, ఇవన్నీ వచ్చాకే ఇచ్చాం. మూయని పర్మిషన్ తర్వాత కొత్త ఇంటి ప్లాన్ దగ్గర అడ్డం పడుతుంది. ఆ పత్రంతోనే ఇంటి పన్ను లెక్కలో కట్టడం తీసేయించి ఖాళీ స్థలంగా మార్పించాం. పాత ఇంటి పాలసీ రద్దు చేసి, కంచె వేసిన స్థలానికి లయబిలిటీ ఒక్కటే ఉంచాం.

ఇప్పుడు కొత్త ఇంటి పునాది తవ్వడానికి వేరే కాంట్రాక్టర్ వచ్చారు. తవ్వకం అంటే ఉమ్మడి గోడ పునాది పక్కనే గొయ్యి. ఆయన్ని కూడా పూర్తి పాలసీ అడిగాం, ఆసరా తీసేయడం గురించిన మినహాయింపు అందులోనూ ఉంది. ఎండార్స్‌మెంట్ కోసం దరఖాస్తు పెట్టారు. అది వచ్చేదాకా తవ్వకం మొదలవ్వదు.